నాలుగు ఓటములను ఒకే గాటన కడితే ఎలా? బఫెలో బిల్స్ సూపర్ బౌల్ చరిత్ర

బఫెలో బిల్స్ అనగానే అమెరికన్ ఫుట్‌బాల్ చూసేవాళ్లకు ముందు గుర్తొచ్చేది ఓటమే. 1991 జనవరి నుంచి 1994 జనవరి వరకు ఆ జట్టు వరుసగా నాలుగు సూపర్ బౌల్ ఫైనల్స్ ఆడింది, నాలుగూ ఓడింది. ఒక్కటి గెలిచి ఉన్నా ఆ కాలపు గొప్ప జట్ల వరుసలో చేరిపోయేది. గెలవలేదు కాబట్టి టీవీ జోకులకు సరుకైంది. ఫైనల్ అంటే చేతులెత్తేసే జట్టు అన్న ముద్ర ఇప్పటికీ పోలేదు.

కానీ ఆ నాలుగు మ్యాచ్‌లనూ విడివిడిగా తీసి చూస్తే ఒకదానికీ ఇంకోదానికీ పోలిక కనపడదు. ఓడిన తీరు వేరు, కారణం వేరు, ఓడించినవాళ్ల బలం వేరు. అన్నిటినీ ఒకే గాటన కట్టేసి "ఒత్తిడి తట్టుకోలేకపోయారు" అనడం తేలిక. నాలుగుసార్లు అక్కడిదాకా ఎలా వెళ్లగలిగారన్నది మాత్రం ఎవరూ అడగరు. వరుసగా నాలుగేళ్లు సూపర్ బౌల్ చేరిన జట్టు అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో అదొక్కటే. 1970ల మొదట్లో మయామి, 2017 నుంచి 2019 దాకా న్యూ ఇంగ్లండ్, 2023 నుంచి 2025 దాకా కాన్సస్ సిటీ మూడేసిసార్లు వెళ్లి అక్కడ ఆగిపోయాయి.

ఆట తెలియనివాళ్ల కోసం కొంచెం. బంతి చేతిలో ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్లాలి. వెళ్తే మళ్లీ నాలుగు ప్రయత్నాలు దొరుకుతాయి, లేకపోతే బంతి అవతలివాళ్లకు పోతుంది. మైదానం చివర ఉండే ఎండ్ జోన్ దాకా తీసుకెళ్తే టచ్‌డౌన్. దానికి 6 పాయింట్లు, ఆపైన చిన్న కిక్‌తో ఇంకొకటి. అంతదూరం కుదరదనుకుంటే బంతిని తన్ని రెండు స్తంభాల మధ్య నుంచి పంపొచ్చు. అది ఫీల్డ్ గోల్, 3 పాయింట్లు. ఆట మొత్తం 60 నిమిషాలు, నాలుగు క్వార్టర్లు. అయితే బంతి పట్టుకుని పరుగెత్తిన ఆటగాడు మైదానం లోపలే కిందపడితే గడియారం ఆగదు. అంటే బంతిని తన దగ్గరే ఉంచుకున్న జట్టు ఎదుటివాళ్ల టైమ్‌ని తినేయగలదు. క్రికెట్లో ఈ బాధ లేదు, మన ఇరవై ఓవర్లు మనకుంటాయి. ఇక్కడ అలా కాదు. బిల్స్ మొదటి ఓటమికి మూలం ఇదే.

లీగ్‌లోని జట్లు రెండు భాగాలుగా ఉంటాయి. అమెరికన్ కాన్ఫరెన్స్ విజేత, నేషనల్ కాన్ఫరెన్స్ విజేత చివర్లో ఒకే ఒక్క మ్యాచ్ ఆడతారు. అదే సూపర్ బౌల్. బిల్స్ అమెరికన్ కాన్ఫరెన్స్ జట్టు.

బిల్స్ ఎప్పుడూ ఛాంపియన్లు కాలేదనడం కూడా సరికాదు. 1960లో రాల్ఫ్ విల్సన్ పెట్టిన ఈ జట్టు మొదట ఆడింది ఎన్ఎఫ్ఎల్‌కి పోటీగా పుట్టి, తర్వాత అందులోనే కలిసిపోయిన ఏఎఫ్ఎల్ అనే లీగ్‌లో. 1964 డిసెంబర్ 26న సొంత ఊళ్లో శాన్ డియాగో ఛార్జర్స్‌ను 20-7తో ఓడించి ఆ లీగ్ టైటిల్ గెలిచింది. ఆ మ్యాచ్ మొదట్లోనే మైక్ స్ట్రాటన్ అనే బిల్స్ డిఫెన్స్ ఆటగాడు, బంతి అందుకోబోతున్న కీత్ లింకన్‌ని గుద్దిన గుద్దుకి లింకన్ పక్కటెముక విరిగింది. ఛార్జర్స్ ఆట అక్కడితో చల్లబడింది. మరుసటి ఏడాది వాళ్ల ఊరికే వెళ్లి 23-0తో గెలిచారు. అప్పటి క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు విసురుతూ అటాక్‌ని నడిపేవాడు) జాక్ కెంప్ తర్వాత రాజకీయాల్లోకి వెళ్లి, 1996లో రిపబ్లికన్ పార్టీ తరఫున ఉపాధ్యక్ష పదవికి పోటీ చేశాడు.

మూడో ఏడు కూడా ఫైనల్ చేరారు. 1967 జనవరి 1న ప్రత్యర్థి కాన్సస్ సిటీ చీఫ్స్. ఈసారి గెలిచినవాళ్లకు ఎన్ఎఫ్ఎల్ ఛాంపియన్‌తో ఆడే అవకాశం ఉంది, తర్వాత మొదటి సూపర్ బౌల్‌గా లెక్కలోకి వచ్చింది ఆ మ్యాచే. హాఫ్‌టైమ్ దగ్గరపడేసరికి చీఫ్స్ 14-7తో ముందున్నారు. బిల్స్ చీఫ్స్ గోల్ లైన్ (ఎండ్ జోన్ మొదలయ్యే గీత) దగ్గరికొచ్చారు. కెంప్ విసిరిన బంతిని జానీ రాబిన్సన్ ఎండ్ జోన్‌లో అందుకుని 72 గజాలు వెనక్కి పరుగెత్తాడు. సమం కావాల్సిన స్కోరు 17-7 అయింది, మ్యాచ్ 31-7తో ముగిసింది. బిల్స్ గెలిచిన రెండు టైటిళ్లూ సూపర్ బౌల్ పుట్టకముందువి కావడంతో ఇవాళ వాటిని పెద్దగా ఎవరూ లెక్కలోకి తీసుకోరు. చరిత్రను బ్రాండ్ పేరుతో కొలిస్తే ఇలాగే ఉంటుంది.

ఆ తర్వాత రెండు దశాబ్దాలు చెప్పుకోదగ్గవి కావు. ఊరి పరిస్థితీ అంతే. 1950లో 5.8 లక్షలున్న బఫెలో జనాభా 1990 నాటికి 3.28 లక్షలకు పడిపోయింది. పక్కనే లాకవానాలోని బెత్లెహెమ్ స్టీల్ ఫ్యాక్టరీ 1983లో ఉక్కు తయారీ ఆపేసింది. అదే ఏడాది బిల్స్ డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్ల ఎంపికలో) తీసుకున్న క్వార్టర్‌బ్యాక్ జిమ్ కెల్లీ ఈ ఊరికి రాకుండా ఇంకో లీగ్‌లో హ్యూస్టన్ జట్టుకు వెళ్లిపోయాడు. ఆ లీగ్ మూతపడ్డాక 1986లో బఫెలో రాక తప్పలేదు. అప్పటికే 1985లో బ్రూస్ స్మిత్, ఆండ్రే రీడ్ వచ్చి ఉన్నారు. 1988లో రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరుగెత్తేవాడు) థర్మన్ థామస్ చేరాడు. ఆటగాళ్లను ఏరి తెచ్చింది జనరల్ మేనేజర్ బిల్ పోలియన్. నడిపింది కోచ్ మార్వ్ లెవీ. హార్వర్డ్‌లో ఇంగ్లండ్ చరిత్ర చదివిన ఈ పెద్దాయనకు మొదటి సూపర్ బౌల్ నాటికి 65 ఏళ్లు.

వీళ్ల ప్రత్యేకత వేగం. మామూలుగా ప్రతి ప్రయత్నానికీ ముందు ఆటగాళ్లంతా గుంపుగా చేరి ఏం చేయాలో మాట్లాడుకుంటారు. బిల్స్ ఆ పని మానేశారు. కెల్లీ లైన్ దగ్గరే నిలబడి సైగలతో, కేకలతో ప్లే (ఆ ప్రయత్నంలో ఏం ఆడాలో) చెప్పేసేవాడు. ఎదుటి డిఫెన్స్‌కి ఊపిరి తీసుకునే టైమ్ ఉండేది కాదు, ఆటగాళ్లను మార్చుకునే వీలు అసలే ఉండేది కాదు. 1990 సీజన్‌లో 16 మ్యాచ్‌ల్లో 13 గెలిచారు. కాన్ఫరెన్స్ ఫైనల్లో రైడర్స్‌ని 51-3తో చితక్కొట్టారు.

సరిగ్గా వారానికి, 1991 జనవరి 27న టాంపాలో 25వ సూపర్ బౌల్. గల్ఫ్ యుద్ధం మొదలై పది రోజులైంది, స్టేడియం చుట్టూ భద్రత మామూలుగా లేదు. విట్నీ హ్యూస్టన్ జాతీయ గీతం పాడింది ఆ రోజే. ప్రత్యర్థి న్యూయార్క్ జెయింట్స్. డిసెంబర్‌లో ఇవే రెండు జట్లు ఆడినప్పుడు బిల్స్ 17-13తో గెలిచారు. ఆ మ్యాచ్‌లోనే జెయింట్స్ క్వార్టర్‌బ్యాక్ ఫిల్ సిమ్స్ గాయపడి సీజన్‌కి దూరమయ్యాడు. అతని స్థానంలో రిజర్వ్ ఆటగాడు జెఫ్ హాస్టెట్లర్ ఆడాడు. కాగితం మీద బిల్స్‌దే పైచేయి.

జెయింట్స్ డిఫెన్స్ చూసుకునేవాడు బిల్ బెలిచిక్. తర్వాత న్యూ ఇంగ్లండ్ కోచ్‌గా ఆరు సూపర్ బౌల్స్ గెలిచిన మనిషే. అతని ప్లాన్ వినడానికి పిచ్చిగా ఉంటుంది: థర్మన్ థామస్‌ని పరుగెత్తనివ్వండి, వంద గజాలు దాటినా పర్వాలేదు. ముందు వరుసలో మనుషుల్ని తగ్గించి వెనక పాస్‌లను అడ్డుకునేవాళ్లను పెంచాడు. కెల్లీ లాంగ్ పాస్‌లు మూసుకుపోయాయి. పరుగుతో బిల్స్ నెమ్మదిగా ముందుకొస్తారు, ఎక్కడో ఒక చోట ఆగిపోతారు. అతను కోరుకున్నదీ అదే. ఆ ప్లాన్ కాగితాలు ఇప్పుడు ఒహాయోలోని కాంటన్‌లో, ఫుట్‌బాల్ గొప్పవాళ్ల పేరు మీద ఉన్న హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నాయి.

ప్లాన్‌లో రెండో సగం అటాక్ వైపు ఉంది. హాఫ్‌టైమ్‌కి బిల్స్ 12-10తో ముందున్నారు. మూడో క్వార్టర్ మొదలవగానే బంతి అందుకున్న జెయింట్స్ 14 ప్లేలు ఆడి 9 నిమిషాల 29 సెకన్లు తినేశారు. మధ్యలో ఒకచోట మూడో ప్రయత్నంలో 13 గజాలు కావాలి. అక్కడ ఆపితే కథ వేరేలా ఉండేది. మార్క్ ఇంగ్రమ్ చిన్న పాస్ అందుకున్నాడు, అవసరమైన గీతకు చాలా ముందే. ఒకడు పట్టుకోబోయి జారిపోయాడు, ఇంకొకడు మెలిక తిరిగిపోయాడు. అయిదుగురు బిల్స్ ఆటగాళ్లు ప్రయత్నించినా పడకుండా కుంటుకుంటూ దూకి 14 గజాలు సాధించాడు. కావాల్సినదానికంటే ఒక్క గజం ఎక్కువ. ఆ డ్రైవ్ (బంతి చేతికొచ్చినప్పటి నుంచి సాగిన ప్లేల వరుస) టచ్‌డౌన్‌తో ముగిసింది.

మ్యాచ్ మొత్తంలో బంతి జెయింట్స్ దగ్గర 40 నిమిషాల 33 సెకన్లు ఉంది. బిల్స్‌కి దక్కింది 19 నిమిషాల 27 సెకన్లు. ఇక్కడే బిల్స్ వేగం వాళ్లకే ఎదురు తిరిగింది. త్వరగా ఆడి త్వరగా ఆగిపోతే, ఆయాసపడుతున్న సొంత డిఫెన్స్ మళ్లీ మైదానంలోకి దిగాలి. మూడో ప్రయత్నంలో జెయింట్స్ 16 సార్లలో 9 సార్లు గట్టెక్కారు, బిల్స్ 8 సార్లలో ఒక్కసారి. మ్యాచ్ ఇక్కడ పోయింది. థామస్ మాత్రం తన పని తను చేశాడు. 135 గజాలు పరుగెత్తాడు, నాలుగో క్వార్టర్ మొదటి ప్లేకే 31 గజాల టచ్‌డౌన్‌తో జట్టును 19-17కి తెచ్చాడు. జెయింట్స్ మళ్లీ నెమ్మదిగా నడిపించి ఫీల్డ్ గోల్ కొట్టారు. 20-19.

చివరి 2 నిమిషాల 16 సెకన్లు. బిల్స్ తమ పది గజాల గీత దగ్గర మొదలుపెట్టి ప్రత్యర్థి 29 గజాల గీత దాకా వచ్చారు. గడియారంలో 8 సెకన్లు మిగిలాయి. స్కాట్ నార్‌వుడ్ 47 గజాల కిక్ కొట్టాలి. బఫెలో స్టేడియంలో ఉండేది కృత్రిమ టర్ఫ్, టాంపాలోది అసలు గడ్డి. ఇంత దూరం, ఇలాంటి నేల మీద, ఆ రోజుల్లో ఏ కిక్కర్‌కైనా అటో ఇటో అన్నట్టే ఉండేది. ఆడమ్ లింగ్నర్ బంతి వెనక్కి పంపాడు, ఫ్రాంక్ రైక్ పట్టి నిలబెట్టాడు, నార్‌వుడ్ తన్నాడు. దూరం సరిపోయింది. కుడివైపుగా బయల్దేరిన బంతి లోపలికి తిరుగుతుందనుకుంటే తిరగలేదు. కుడి స్తంభం పక్కనుంచి బయటికి పోయింది.

"వైడ్ రైట్" అన్న ఆ రెండు మాటలు నార్‌వుడ్‌ని జీవితాంతం వెంటాడాయి. ఇది అన్యాయం. 19 నిమిషాలే బంతి పట్టుకున్న జట్టు, మూడో ప్రయత్నంలో ఏడుసార్లు విఫలమైన జట్టు ఒక్క పాయింట్‌తో ఓడితే, దానికి ఒక్క కాలు ఎలా కారణమవుతుంది? ఊరివాళ్లకు ఈ సంగతి అర్థమైనట్టుంది. మరునాడు నయాగరా స్క్వేర్‌లో చేరిన వేలమంది కావాలని అతని పేరే అరిచి పిలిచారు. గొంతు పూడుకుపోతుండగానే అతను మాట్లాడాడు. ఇంకో విషయం ఎవరూ పెద్దగా చెప్పరు. ఏడాది తిరిగేసరికి, 1992 జనవరిలో డెన్వర్‌తో కాన్ఫరెన్స్ ఫైనల్ 10-7తో ముగిసింది. అందులో 3 పాయింట్లు నార్‌వుడ్ 44 గజాల నుంచి కొట్టినవే. బిల్స్‌ను రెండో సూపర్ బౌల్‌కి దాటించిన తేడా అదే. ఆ మ్యాచ్‌లో డెన్వర్ కిక్కర్ మూడు ఫీల్డ్ గోల్స్ మిస్ చేశాడు, అతని పేరు ఇవాళ ఎంతమందికి గుర్తుంది?

రెండో ఓటమి గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. 1992 జనవరి 26న మినియాపోలిస్‌లో వాషింగ్టన్ 37-24తో గెలిచింది. జో గిబ్స్ కోచ్‌గా ఆ ఏడాది 14 మ్యాచ్‌లు గెలిచి రెండే ఓడిన జట్టది. నిష్పక్షపాతంగా చూస్తే బిల్స్ కంటే మెరుగైన జట్టు. జనం గుర్తుపెట్టుకున్నది మాత్రం హెల్మెట్ సంగతి. మ్యాచ్ మొదలయ్యేసరికి థామస్ హెల్మెట్ కనపడలేదు, మొదటి రెండు ప్లేలు అతను లేకుండానే నడిచాయి. దానికి ముందు బిల్స్ కోచ్‌లలో ఒకాయన వాషింగ్టన్ లైన్ ఆటగాళ్లను వెక్కిరిస్తూ మాట్లాడితే, గిబ్స్ ఆ వీడియోని తన జట్టుకు చూపించాడట. ఇవన్నీ కాలక్షేపం కబుర్లు. 24-0తో వెనకబడటంతో కెల్లీ మ్యాచ్ మొత్తంలో 58 పాస్‌లు విసరాల్సి వచ్చింది, నాలుగు ప్రత్యర్థి చేతిలో పడ్డాయి. అసలు నష్టం అక్కడ జరిగింది.

మూడోది తమ చేతులారా చేసుకున్నది. అక్కడికి వెళ్లిన దారి మాత్రం ఈ ఆట చరిత్రలోనే వింత. 1993 జనవరి 3న హ్యూస్టన్ ఆయిలర్స్ మీద 35-3తో వెనకబడి, కెల్లీ గాయంతో లేకుండా, ఫ్రాంక్ రైక్ క్వార్టర్‌బ్యాక్‌గా 41-38తో గెలిచారు. రెండేళ్ల కింద నార్‌వుడ్ కోసం బంతి పట్టి నిలబెట్టిన రైక్ ఇతనే. ఒత్తిడికి చేతులెత్తేసే జట్టు 32 పాయింట్ల లోటు పూడ్చుకోదు కదా. కానీ నాలుగు వారాల తర్వాత పాసడీనాలో డాలస్ కౌబాయ్స్ చేతిలో 52-17తో చిత్తయ్యారు. ముందు టచ్‌డౌన్ కొట్టింది బిల్సే. తర్వాత తొమ్మిదిసార్లు బంతి పోగొట్టుకున్నారు, సూపర్ బౌల్‌లో అది రికార్డు. కెల్లీ రెండో క్వార్టర్‌లోనే గాయపడి బయటికి పోయాడు.

ఆ మ్యాచ్‌లో చూడదగ్గది ఒకటుంది. చివరి అయిదు నిమిషాల్లో రైక్ చేజార్చిన బంతిని డాలస్ ఆటగాడు లియాన్ లెట్ అందుకుని ఎండ్ జోన్ వైపు పరుగెత్తాడు. అడ్డెవరూ లేరు. గెలిచేశామన్న సంబరంలో చివర్లో నెమ్మదించి బంతిని ఒక చేత్తో చాచి పట్టుకున్నాడు. మైదానం అవతలి చివర నుంచి డాన్ బీబీ ఊపిరి బిగబట్టి పరుగెత్తుకొచ్చి, గోల్ లైన్‌కు గజం దూరంలో ఆ బంతిని కొట్టి వదిలించాడు. అది టచ్‌డౌన్ అయి ఉంటే డాలస్ 55 పాయింట్ల సూపర్ బౌల్ రికార్డును దాటేసేది. 35 పాయింట్లతో ఓడిపోతున్న జట్టులో ఒకడు చేసిన పని అది. బఫెలోలో దాన్ని గెలిచిన మ్యాచ్‌లంత గౌరవంగా చెప్పుకుంటారు.

కౌబాయ్స్ అంటే మన తెలుగువాళ్లకు పరిచయం చేయనక్కర్లేదు. డాలస్ పక్కన తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉండే ఫ్రిస్కోలోనే 2016 నుంచి వాళ్ల హెడ్‌క్వార్టర్స్ ఉంది. వరుసగా రెండు సూపర్ బౌల్స్‌లో అవే రెండు జట్లు తలపడింది ఒకేసారి, అదీ ఈ బిల్స్, కౌబాయ్స్ మధ్యనే.

రెండోసారి, 1994 జనవరి 30న అట్లాంటాలో, హాఫ్‌టైమ్‌కి బిల్స్ 13-6తో ముందున్నారు. నార్‌వుడ్ స్థానంలో వచ్చిన స్టీవ్ క్రిస్టీ 54 గజాల ఫీల్డ్ గోల్ కొట్టాడు. ఆ సూపర్ బౌల్ రికార్డు 2024 దాకా చెక్కుచెదరలేదు. ఇక గెలిచేస్తారనిపించింది. రెండో సగం మొదలై 55 సెకన్లకు థామస్ చేతిలోంచి బంతి జారింది, జేమ్స్ వాషింగ్టన్ దాన్ని తీసుకుని 46 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. స్కోరు సమం. ఆ తర్వాత డ్రైవ్‌లో డాలస్ బంతిని ఎమిట్ స్మిత్ చేతికే ఇస్తూ పోయింది. మొత్తం 132 గజాలు అతనివి. బిల్స్ రెండో సగంలో ఒక్క పాయింటూ చేయలేదు. 30-13.

నాలుగు మ్యాచ్‌లకూ కలిపి ఒక దారం వెతకాలంటే థామస్ పరుగుల లెక్క చూడొచ్చు: 135, 13, 19, 37 గజాలు. మొదటిసారి పరుగు వదిలేసి ఓడించారు, తర్వాత మూడుసార్లూ పరుగు ఆపేసి ఓడించారు. పరుగు ఆగితే కెల్లీ విసురుతూ పోవాలి, విసిరినకొద్దీ తప్పులు పెరుగుతాయి. ఇది మనోధైర్యానికి సంబంధించింది కాదు, ఎదుటి డిఫెన్స్ ముందు వరుస బరువుకి సంబంధించింది. ఆ బరువు అప్పట్లో నేషనల్ కాన్ఫరెన్స్ జట్లకే ఉండేది. 1985 నుంచి 1997 దాకా వరుసగా 13 సూపర్ బౌల్స్ అటువైపు జట్లే గెలిచాయి. డెన్వర్ కూడా ఆ కాలంలో మూడుసార్లు వెళ్లి ఘోరంగా ఓడింది. బిల్స్ తమ కాన్ఫరెన్స్‌లో నాలుగేళ్లలో తొమ్మిది ప్లేఆఫ్ (సీజన్ చివరి నాకౌట్) మ్యాచ్‌లు గెలిచి, ఒక్కటీ ఓడకుండా వచ్చారు.

ఇంకో చిన్న విషయం. మొదటి, నాలుగో ఫైనల్స్‌కి ముందు జట్లకు దొరికింది ఒక్క వారం. మధ్య రెండిటికీ రెండేసి వారాలు. బిల్స్ పోటీ ఇచ్చింది ఒక్క వారం ఉన్న రెండు మ్యాచ్‌ల్లోనే. వాళ్ల వేగానికి మందు కనుక్కోవడానికి ఎదుటివాళ్లకు టైమ్ దొరికినప్పుడల్లా చిత్తయ్యారనిపిస్తుంది. రెండు జతల మ్యాచ్‌లతో సూత్రం చెప్పలేం కానీ, కొట్టిపారేసేంత చిన్న సంగతీ కాదు.

జట్టు అన్నేళ్లు చెక్కుచెదరకుండా ఉండటానికి నియమాలు కూడా కలిసొచ్చాయి. ఆటగాళ్లు స్వేచ్ఛగా జట్టు మారే ఫ్రీ ఏజెన్సీ 1993లో, జీతాల మీద పరిమితి 1994లో వచ్చాయి. అంతకుముందు మంచి ఆటగాళ్లను ఏళ్లతరబడి కట్టిపడేసుకునే వీలుండేది. ఇప్పుడు అలాంటి జట్టును నిలబెట్టుకోవడం చాలా కష్టం. కెల్లీ, థామస్, స్మిత్, రీడ్, లెవీ, పోలియన్, ఓనర్ విల్సన్ అందరూ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నారు.

ఆ తరం వెళ్లిపోయాక 2000 నుంచి 2016 దాకా 17 సీజన్లు బిల్స్ ప్లేఆఫ్స్ మొహమే చూడలేదు. 2018లో క్వార్టర్‌బ్యాక్ జాష్ అలెన్ వచ్చాక మళ్లీ ప్రాణం పోసుకున్నారు. కానీ దారిలో కాన్సస్ సిటీ నిలబడింది. 2021 జనవరి నుంచి 2025 జనవరి దాకా నాలుగుసార్లు ప్లేఆఫ్స్‌లో వాళ్ల చేతిలోనే ఓడారు. 2022 జనవరిలో అయితే 13 సెకన్లు మిగిలి ఉండగా బిల్స్ 36-33తో ముందున్నారు. ప్యాట్రిక్ మహోమ్స్‌కి ఆ 13 సెకన్లే చాలాయి, రెండు పాస్‌లతో 44 గజాలు దాటించి ఫీల్డ్ గోల్‌తో సమం చేయించాడు. ఓవర్‌టైమ్‌లో టాస్ గెలిచి టచ్‌డౌన్ కొట్టారు. అలెన్ చేతికి బంతి రానేలేదు, మ్యాచ్ 42-36తో అయిపోయింది. దాని మీద ఎంత గొడవయిందంటే, రెండు నెలలు దాటగానే లీగ్ నియమం మార్చింది. ప్లేఆఫ్స్ ఓవర్‌టైమ్‌లో రెండు జట్లకూ బంతి దక్కాలన్నది కొత్త నియమం.

అది బిల్స్‌కి ఏమీ ఒరగబెట్టలేదు. 2024లో 44 గజాల కిక్ కుడివైపుకి పోయి 27-24తో, 2025లో కాన్ఫరెన్స్ ఫైనల్లో 32-29తో చీఫ్స్ చేతిలోనే ఓడారు. రెండూ 60 నిమిషాల్లోనే ముగిశాయి, రెండిట్లోనూ తేడా ఒక్క ఫీల్డ్ గోల్.